ఉత్తుత్తి మాత్రతో కదిలిన వేళ్ళు

పోయిన వారం మనం అద్దాలక్కను డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పక్కన తమ్ముడున్నాడు. ఒకప్పుడు సిటీ బస్సు నడిపినవాడు, ఇప్పుడు అదే డిపోలో ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులకూ సంచులకూ కాపలా కాస్తున్నాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒంట్లో కండరాలు మెల్లమెల్లగా మాట వినడం మానేసే జబ్బు. తండ్రి నుంచి వచ్చింది. ఆయన పిల్లలిద్దరికీ సమానంగా రాసిచ్చిన ఆస్తి ఇదొక్కటేనని అక్కా తమ్ముడూ నవ్వుకుంటూ ఉంటారు, నవ్వుకునే ఓపిక ఉన్న రోజుల్లో.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. ఈ జబ్బుకు మందు ఇంకా బజారులోకి రాలేదు. ఒక కంపెనీ మాత్ర తయారుచేసి, పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి ట్రయల్ పెట్టింది. చేరినవాళ్ళలో సగంమందికి అసలు మాత్ర, సగంమందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. ఏడాదిన్నర పాటు మింగేసరికి అద్దాలక్క వేళ్ళు కదిలాయి. ఆవిడ కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగించే మనిషి. చేతులు పడిపోయాక ఆవిడను బిల్లుల బల్ల దగ్గరకు మార్చిన ఓనరే మళ్ళీ పిలిచి చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చాడు. తమ్ముడికి మాత్రం ఏదో కాస్త మెరుగు, అంతే. ఇంతలో ట్రయల్ అయిపోయింది, మాత్రలు ఆగిపోయాయి, నెల తిరక్కుండానే అక్క వేళ్ళు మళ్ళీ మొరాయించడం మొదలుపెట్టాయి. మెరుగైనవాళ్ళకు మందు బజారులోకి వచ్చేదాకా ఊరికే ఇస్తామని కంపెనీ మొదట్లోనే మాటిచ్చింది. ఆ మాట ఏమైందో తెలుసుకోవడానికే వాళ్ళు ఆ బెంచీ ఎక్కారు.

తలుపు తీసి లోపలికి రమ్మంది సీసాల నర్సు. ఆవిడ అసలు పేరు ఆ వరండాలో ఎవరికీ గుర్తులేదు. ప్రతి నెలా రోగులు తిరిగి తెచ్చిన సీసాలు బల్ల మీద బోర్లించి, మిగిలిన మాత్రలు లెక్కబెట్టి, తక్కువైతే ఎందుకు తక్కువ, ఎక్కువైతే ఎందుకు ఎక్కువ అని ఆరా తీసే పని ఆవిడది. ఆవిడ లెక్కలో ఏనాడూ తేడా రాని ఇల్లు అద్దాలక్క ఇల్లొక్కటే. అందుకని వీళ్ళంటే ఓ పిసరు ఎక్కువ అభిమానం. మందు వాడితే మీ ఇంట్లోవాళ్ళలా వాడాలి అని మిగతా రోగుల ముందు పొగుడుతూ ఉండేది. ఇవాళ మాత్రం ఎందుకో మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

డాక్టరమ్మ గది చిన్నది. బల్ల మీద పిడికిలి బలం కొలిచే పరికరం, గోడ మీద చర్మం లేని మనిషి బొమ్మ, మూలన ఎప్పుడూ చుక్కచుక్కగా కారే చేతులు కడుక్కునే తొట్టి. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. వాటి ఎడమ కాడ దగ్గర స్క్రూ వదులైందని అద్దాలక్క గడప దాటుతూనే పసిగట్టింది. మామూలు రోజైతే ఇలా ఇవ్వండి అని లాక్కుని బిగించేసేది. ఇవాళ ఆ ధైర్యం లేదు, ఆ వేళ్ళూ లేవు.

డాక్టరమ్మ ముందు తమ్ముడి వైపు తిరిగింది. ఎవరికి ఏ మాత్ర ఇచ్చారో కంపెనీ గుట్టు విప్పిందట. తమ్ముడికి పడింది అసలు మాత్రేనట. అద్దాలక్క సంతోషం పట్టలేక వాడి మోకాలు గట్టిగా పట్టుకుంది. గట్టిగా అంటే, ఈమధ్య ఆవిడకు చేతనైనంత గట్టిగా. అంతంతమాత్రంగా బాగుపడిన వాడికే అసలుది పడిందంటే, షాపులో మళ్ళీ పనిలోకి దిగిన తన సంగతి వేరే చెప్పాలా? ఆ లెక్క ఆవిడ మనసులో చిటికెలో తేలిపోయింది. డాక్టరమ్మ మాత్రం ఇంకా అద్దాలతోనే కుస్తీ పడుతోంది.

"మీకిచ్చినవి ఉత్తుత్తి మాత్రలమ్మా" అంది చివరికి.

ఎవరితో అంటోందోనని అద్దాలక్క ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వెనకాల ఉన్నది కారుతున్న కుళాయే. ఆవిడ రెండు చేతులూ ఎత్తి బల్ల మీద పెట్టి, వేళ్ళు విప్పి చూపించింది.

"మరి ఇవెట్లా కదిలినయ్ డాక్టరుగారూ?"

డాక్టరమ్మ మెత్తగానే చెప్పుకొచ్చింది. మందు తింటున్నామన్న నమ్మకంతో కూడా ఒళ్ళు కొంత కూడదీసుకుంటుందట. మీరు నటించారని కాదు, అబద్ధమాడారనీ కాదు, లోకంలో ప్రతి ట్రయల్లోనూ ఇలాంటివాళ్ళు కొందరుంటారు అంది. అద్దాలక్క అంతా విని, ముక్కు మీద నిలిచే అద్దాలకు పట్టే స్క్రూ ఎంతుంటుందో మీకు తెలుసా అని అడిగింది. ఆవగింజ దాని ముందు గుమ్మడికాయ. దాన్ని పట్టకారుతో ఎత్తి, గుంటలో నిలబెట్టి, చెయ్యి వణక్కుండా తిప్పాలి. అలాంటివి రోజూ ఎన్నో బిగించింది తను. నమ్మకంతో స్క్రూ బిగుస్తుందంటే షాపులో స్క్రూడ్రైవర్లు ఎందుకు? పైగా ఒకే ఇంట్లో, ఒకే చెయ్యి ఇచ్చిన మాత్రలు మింగితే, అక్కకు పట్టిన నమ్మకం తమ్ముడికి పట్టకుండా ఎటు పోయింది?  

ఇక మందు ఎవరికిస్తారన్న సంగతి. రెండు షరతులు. అసలు మాత్ర మింగినవాళ్ళై ఉండాలి, మెరుగు కంపెనీ గీసిన గీత దాటి ఉండాలి. తమ్ముడు మొదటిది నెగ్గాడు, రెండోదానికి జానెడు ఇవతల ఆగిపోయాడు. అక్క గీత దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది, కానీ మింగింది ఉత్తుత్తిది. కాబట్టి ఇద్దరికీ లేదు. ఆ ముక్క చెబుతున్నప్పుడు సీసాల నర్సు తలుపు చాటుకు వెళ్ళిపోయింది.

అప్పుడు అద్దాలక్కకు నిజంగా ఒళ్ళు మండింది. తనలాంటివాళ్ళూ రక్తం ఇచ్చారు, సూదులు పొడిపించుకున్నారు, ఏడాదిన్నర పాటు పనులు మానుకుని వచ్చి ఈ బెంచీలు అరగదీశారు. "మేము ఉత్తుత్తివి మింగబట్టే కదండీ, అవతలివాళ్ళది అసలుదని మీకు తేలేది? మరి మందు పంచేటప్పుడు మేమెవరం?" అని అడిగింది. తనూ కంపెనీని ఇదే అడిగానంది డాక్టరమ్మ. ఉత్తుత్తివాళ్ళకు మందు పడుతుందో లేదో ఇంకా తెలియదు, తెలియకుండా ఇచ్చి ఏదైనా అయితే బాధ్యత ఎవరిది అన్నారట. ఆ మాటలో న్యాయం ఉందో, తప్పించుకునే దారి ఉందో తనకూ అంతుబట్టడం లేదంది. మొదటి రోజు షరతులన్నీ చదివి వినిపించిన మాట కూడా గుర్తుచేసింది, చాలా ఇబ్బంది పడుతూ. అవును, వినిపించారు. అద్దాలక్క తలూపింది కూడా. ఆ రోజు ఇంకేం చదివినా అలాగే తలూపేది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో తమ్ముడు డ్రైవరు వెనక సీటు దొరికితే కూర్చోకుండా, మలుపుల్లో స్టీరింగు మీద తిరిగే ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. అద్దాలక్కకు మాత్రం తల ఒకటే తిరుగుడు. వేళ్ళు కదిలింది అబద్ధమా? మొదటిసారి స్క్రూ నిలబెట్టిన రోజు షాపులో అందరి ముందూ ఏడ్చేసింది, అదీ అబద్ధమేనా? అబద్ధమైతే మాత్రలు ఆపగానే వేళ్ళు ఎందుకు ఆగాయి? ఆపారని తెలిసి నమ్మకం పోయిందా? అలాగైతే మళ్ళీ నమ్మితే పోలేదా?

ఇంటికెళ్ళి నిజంగానే ఆ పని చేసింది. మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మందు మింగాను మింగాను అని గట్టిగా అనుకుంది. నమ్మకం బాగా ఊరిందనిపించాక పట్టకారు తీసుకుని ఒక స్క్రూ ఎత్తబోయింది. అది జారి మంచం కిందకు దొర్లింది. నమ్మకం చాలలేదేమోనని ఇంకాసేపు కళ్ళు మూసుకుంది. రెండోసారి పట్టకారే చేతిలోంచి జారింది. చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే నవ్వేవాళ్ళు. ఆవిడకు మాత్రం ఏడుపొచ్చింది.

సాయంత్రం మరదలు పనిలోంచి వచ్చింది. మరదలంటే తమ్ముడి భార్య, ఒక పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్లో వడ్డించే మనిషి. గలగలా మాట్లాడే పిల్ల. అందుకే ఆవిడ మౌనం చూసి అద్దాలక్కకు అనుమానం వచ్చింది. ఆసుపత్రిలో జరిగిందంతా చెప్పాక, అయ్యో అనలేదు, కంపెనీని తిట్టలేదు. సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. చివరికి కుళాయి కట్టేసి, వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టింది.

"వదినా, నువ్వు మింగినవి అన్నీ ఉత్తుత్తివి కావు. ఆయన మింగినవి అన్నీ అసలువీ కావు."

"అర్థమయ్యేట్టు చెప్పవే తల్లీ, పొద్దుటినుంచి నా బుర్ర పనిచెయ్యట్లేదు."

"రెండు సీసాలూ ఒకే డబ్బాలో పోసి కలిపేసేదాన్ని. అందులోంచే ఇద్దరికీ ఇచ్చేదాన్ని."

అద్దాలక్క గోడకు ఆనుకుని ఉన్న స్టూలు మీద కూలబడింది. మరదలు ఇక దాచలేదు, పూసగుచ్చినట్టు చెప్పేసింది. క్యాంటీన్లో చేరిన కొత్తలో పెద్ద వంటమనిషి ఆవిడకు నేర్పిన మొదటి పాఠం ఒకటే. గిన్నెలో ఏమున్నా సరే, గరిటె అడుగుదాకా దించి కలిపి మరీ వడ్డించాలి. లేకపోతే ముందు వచ్చినవాడికి నీళ్ళు, వెనక వచ్చినవాడికి ముక్కలు. వరసలో ఎక్కడ నిలబడ్డా అందరి పళ్ళెంలోనూ ఒకటే పడాలి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. నెల మొదట్లో రెండు సీసాలూ స్టీలు డబ్బాలో పోసి, మూత పెట్టి, బాగా కుదిపి, పొద్దున్నా సాయంత్రం ఇద్దరి చేతుల్లోనూ మాత్రలు పెట్టేది. ఆసుపత్రికి వెళ్ళే ముందు మిగిలినవి సమంగా పంచి సీసాల్లో పోసేది. సీసాల నర్సు అంతగా మెచ్చుకున్న లెక్క వెనక ఉన్న చెయ్యి ఇదన్నమాట.

"ఎవరి సీసా వాళ్ళదేనని వాళ్ళు నెత్తీనోరూ బాదుకుని చెప్పారు కదే" అంది అద్దాలక్క. 

"చెప్పారు. నేనూ విన్నాను. మొదటి నెల విడిగానే ఉంచాను వదినా. రోజూ మాత్రలు తీసేటప్పుడు, అసలుది ఆయన సీసాలోనే ఉండాలి దేవుడా అని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ వెంటనే నీ చేతికి నీ మాత్ర ఇవ్వాలంటే తలెత్తబుద్ధి అయ్యేది కాదు. నువ్వేమో నవ్వుతూ తీసుకునేదానివి. ఎన్నాళ్ళని అట్లా చావను? కలిపేశాను. ఆ రోజునుంచి నాకు నిద్ర పట్టింది."

ఈ పిల్లను కౌగిలించుకోవాలో, చెంప పగలగొట్టాలో అద్దాలక్కకు తోచలేదు. రెండూ చెయ్యాలనే అనిపించింది. మరదలు కట్టుకున్నవాడికి అన్యాయం చేసి ఆడపడుచుకు న్యాయం చేసింది, అదీ ఎవరికి ఏది చేస్తోందో తెలియకుండానే. లోపల ఒక మూల అద్దాలక్కకు హాయిగా కూడా ఉంది. తన వేళ్ళు అబద్ధం కాదు. స్క్రూలు నిజంగానే బిగించింది. పిచ్చిది కాదు తను. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో అడగక్కర్లేదు, మొహమే చెబుతోంది.

"అంటే నా సగం అక్క మింగింది" అన్నాడు.

మరదలు వాడి వైపు రెండడుగులు వేసింది.

"సగంతోనే గీత దగ్గరిదాకా వెళ్ళాను. మొత్తం నాకే పడుంటే ఈపాటికి బస్సు మీద ఉండేవాణ్ణి."

మరదలు ఏదో అనబోతే చేత్తో వద్దన్నాడు. నీ తప్పు కాదక్కా అన్నాడు మళ్ళీ తనే. తప్పు ఎవరిదని కాదు, అనిపించింది, అన్నాను, మనసులో పెట్టుకుంటే ఇంకా పాడైపోతుంది అన్నాడు. అని బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు అక్క పళ్ళెంలో ముక్క తన పళ్ళెంలోకి వచ్చి పడకపోతే అన్నం ముట్టనివాడు వాడు. ఆవిడ తన వంతు ఇచ్చి పెంచింది వాణ్ణి. ఇప్పుడు వాడి వంతు తిని తను బాగుపడింది. వాడన్నదాంట్లో ఒక్క ముక్కా అబద్ధం లేదు, ఆవిడను కోసేస్తున్నది అదే.

ఆ వారమంతా అద్దాలక్క కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. షాపులో ఒకరి అద్దాలు ఇంకొకరి డబ్బాలో పెట్టి ఓనరుతో మాటలు పడింది. చెప్పాలా, వద్దా? చెబితే, తమ్ముడు మింగింది సగమేనని తెలుస్తుంది, సగానికే అంత మెరుగైతే పూర్తిగా ఇస్తే గీత దాటేస్తాడని ఎవరికైనా అర్థమవుతుంది. కానీ చెబితే, సీసాలు కలిపారని ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు. కొట్టేసిన పేరుకు మందెవరిస్తారు? పోనీ చెప్పకపోతే? ఇప్పుడు మాత్రం ఏమిస్తున్నారు? పొద్దున్న ఒక నిర్ణయానికి వచ్చేది, మధ్యాహ్నానికి దాన్ని తనే చెరిపేసేది. మరదలిదో భయం, తనను పోలీసులకు అప్పజెబుతారేమోనని. సీసాల నర్సు ఉద్యోగం పోతుందేమోనన్నది ఇంకో భయం. అన్నీ విని అద్దాలక్క, కలిపింది నేనేనని చెబుతాను, నువ్వు వంటింట్లోంచి బయటికి రాకు అంది. రోగిని కాబట్టి తనను పెద్దగా ఏమీ అనలేరని ఆవిడ ధైర్యం. తమ్ముడికి ఏమీ చెప్పకుండా, షాపుకు పోతున్నట్టే బయల్దేరి ఆసుపత్రికి వచ్చేసింది.

బెంచీ మీద కూర్చోకముందే సీసాల నర్సు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. మొన్న మొహం తిప్పుకున్న మనిషి ఇవాళ వెలిగిపోతోంది. కబురు పంపుదామనుకుంటుంటే మీరే వచ్చారు, పదండి పదండి అని లోపలికి తోసినంత పని చేసింది.

డాక్టరమ్మ బల్ల మీద ఒక కొత్త సీసా ఉంది. తెల్లటి సీసా, మూతకు ఇంకా కాగితం చుట్టి ఉంది, దాని మీద తమ్ముడి పేరు అతికించి ఉంది.

కంపెనీ ఒప్పుకుందట. తమ్ముడి విషయం మళ్ళీ చూడమని డాక్టరమ్మ పట్టుబట్టిందట, చూశారట, ఇస్తామన్నారట. ఈ రోజునుంచే మొదలుపెట్టొచ్చంది. అద్దాలక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారంగా కూడబలుక్కున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. ఇక చెప్పాల్సిన పనేముంది? వచ్చింది వాడికి మందు ఇప్పించడానికి. ఇచ్చేశారు. సీసా తీసుకుని నోరు మూసుకుని ఇంటికి పోతే సరి. లేచి దణ్ణం పెట్టబోయింది కూడా.

అక్కడితో డాక్టరమ్మ ఆగి ఉంటే ఈ వారం మన కథ సుఖంగా ముగిసేది. ఆగలేదు. మీకు ముందే చెప్పడం మంచిది, ఈ సీసాలు ఎన్నాళ్ళు వస్తాయో నాకే తెలియదు అంది. ట్రయల్లో ఉన్నదే గుప్పెడుమంది. అసలుది మింగినవాళ్ళకూ ఉత్తుత్తిది మింగినవాళ్ళకూ మధ్య తేడా అనుకున్నంత కనిపించడం లేదట. ఉత్తుత్తి మాత్రతోనే ఇంత బాగుపడుతుంటే ఈ మందెందుకని కంపెనీలో పెద్దలు అడుగుతున్నారట. తయారీ ఆపేయాలా వద్దా అన్నది వచ్చే వారం తేలుస్తారట. ఆపితే, ఉన్న సీసాలు అయ్యేదాకానే. ఆ తర్వాత తమ్ముడికీ లేదు, ఈ జబ్బున్న ఇంకెవరికీ లేదు.

"ఎవరా ఉత్తుత్తిదానితో బాగుపడినవాళ్ళు?" అని అడిగింది అద్దాలక్క, తెలిసే.

"వాళ్ళు అందరికన్నా ముందు చూపించేది మిమ్మల్నేనమ్మా" అంది డాక్టరమ్మ.

అద్దాలక్క బాగుపడటమే మందు మెడకు ఉరితాడైంది. నోరు విప్పితే ఆ మెరుగు అసలు మాత్ర వల్లేనని తేలుతుంది, కానీ ఈ సీసా ఇప్పుడే వెనక్కి పోతుంది, రూలు తప్పినవాడని తమ్ముడి పేరు కొట్టేస్తారు. విప్పకపోతే సీసా ఇంటికొస్తుంది, కొన్నాళ్ళు వాడి చేతులు కదులుతాయి, బహుశా బస్సు కూడా ఎక్కుతాడు, ఆ తర్వాత మందే ఉండదు. వాడి వంతు ఒకసారి తెలియక తినేసింది. ఇప్పుడు తెలిసి లాక్కోవాలా? లాక్కోకపోతే తనలాంటివాళ్ళ అందరి వంతూ పోతుంది. ఏ వైపు తిరిగినా ఎవరో ఒకరి నోటి దగ్గరిది తీసేసినట్టే ఉంది. ఇంట్లో మెట్ల మీద కూర్చున్న తమ్ముడి వీపు కళ్ళముందు కదిలింది. అద్దాలక్క కుర్చీలో మళ్ళీ కూర్చుంది. ఇంత తెలివితక్కువ పని తను జన్మలో చెయ్యలేదని అనుకుంటూనే సీసాను మోచేత్తో డాక్టరమ్మ వైపు నెట్టింది.

"దీన్ని మీ దగ్గరే పెట్టుకోండి డాక్టరుగారూ. నేను చెప్పేది విన్నాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి."

డాక్టరమ్మ లేచి వెళ్ళి, బయట నిలబడ్డ సీసాల నర్సును ఏదో పని మీద పంపించి, తలుపు వేసింది. తిరిగొచ్చి కూర్చోలేదు. సీసాను మళ్ళీ అద్దాలక్క ముందుకే జరిపింది.

"మీరు మొన్న వచ్చి వెళ్ళాక, ట్రయల్ రోజుల్లో చేసిన మీ ఇద్దరి రక్తం పరీక్షలు తెప్పించుకుని చూశాను. మీ తమ్ముడి రక్తంలో ఉండాల్సిన మందులో సగమే ఉంది. అది చూపించే, ఇతనికి మందు సరిగా అందలేదని చెప్పే, ఈ సీసా తెప్పించాను."

అద్దాలక్క సీసా మీద అతికించిన తమ్ముడి పేరు వైపు చూసింది.

"మిగతా సగం ఎవరి రక్తంలో ఉందో మాత్రం నేను వాళ్ళకు చెప్పలేదు" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు చెప్పండి. మీరు చెప్పాక విననట్టు ఉండటం నావల్ల కాదు, కంపెనీకి చెప్పి తీరాలి. ఏం చెబుదామని వచ్చారు?"